డీజిల్ కారు మీద ఆకాశరామన్న ఉత్తరం

బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు ఆరాగారు ఇంకా కుర్చీలో సర్దుకోకముందే ఒకావిడ తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. నర్సు యూనిఫాం కూడా విప్పకుండా నేరుగా వచ్చినట్టుంది. చేతిలో మడతపెట్టిన కాగితం ఉంది.

ఆరాగారికి వేరే పేరు లేకపోలేదు గానీ అది పింఛను కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వాడుకలో లేదు. ముప్పై ఏళ్ళు ఇన్సూరెన్సు కంపెనీకి ప్రమాదాల మీద ఆరా తీసి, రిటైరయ్యాక కూడా ఆ జబ్బు వదలక ఒక గది అద్దెకు తీసుకుని బోర్డు కట్టుకున్న మనిషి. అదే కంపెనీలో టైపు కొట్టిన స్టెనో కూడా ఆయన వెంటే వచ్చేసింది. ఆయన తుమ్మినా అందులో ఏదో అర్థం ఉంటుందని ఆమె నమ్మకం. చాలాసార్లు అది ఉత్త జలుబే.

"కూర్చోమ్మా. ముందు మంచినీళ్ళు తాగు," అన్నాడు ఆరాగారు.

"నీళ్ళు తరవాతండీ. సాయంత్రం ఐదులోపు నేనొక పాత కారు కొనాలో వద్దో తేల్చుకోవాలి."

స్టెనో పెన్సిలు కింద పెట్టేసింది. "దానికి డిటెక్టివ్ ఎందుకమ్మా, మెకానిక్కు చాలడూ?"

నర్సు కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. తెల్లటి కాగితం మీద ప్రతి అక్షరం విడివిడిగా, అచ్చులా దిద్ది ఉంది. "ఆ కారు కొనవద్దు. అది మిమ్మల్ని దారి మధ్యలో దించేస్తుంది."

"సోమవారం పొద్దున తలుపు కింద ఉంది. ఎవడో పనీపాటా లేనివాడు రాశాడనుకున్నా. మంగళవారం కారు నడిపి చూద్దామని నాన్నని కూడా ఎక్కించుకుని బయల్దేరాను. రెండు మైళ్ళు వెళ్ళామో లేదో, ఇంజను ఎగశ్వాస తీసి ఆగిపోయింది. గుండె జారిపోయిందనుకోండి. రాసినవాడికి ముందే ఎలా తెలుసు?"

"మొదట్నుంచీ చెప్పు. కారు ఎందుకు?"

ఆమె చెప్పింది. తండ్రికి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయి. వారానికి రెండుసార్లు, బుధవారం, శనివారం, రక్తం శుభ్రం చేయించాలి. ఆ యంత్రం ఉన్న ఆసుపత్రి ముప్పై మైళ్ళ అవతల ఉంది. పోయిన నెల దాకా నేరుగా బస్సు ఉండేది, ప్రయాణికులు లేరని ఎత్తేశారు. ఇప్పుడు రెండు బస్సులు మారాలి. పోయిన శనివారం రెండో బస్సు తప్పిపోయింది. ఆ రాత్రంతా ఆయన ఊపిరందక కూర్చునే ఉన్నాడు.

"ఈరోజు బుధవారమే కదా?" అంది స్టెనో.

"రాత్రి రెండింటికి మా ఆసుపత్రి అంబులెన్సులో తీసుకెళ్ళి ఇప్పుడే తీసుకొచ్చా. డ్రైవరు మొహమాటానికి ఒప్పుకున్నాడు, మళ్ళీ అడగొద్దన్నాడు. శనివారానికి బండి లేకపోతే నాన్నకి ఇంకోసారి తప్పిపోతుంది. రెండోసారి తప్పితే ఏమవుతుందో నేను నర్సుని, నాకు ఒకరు చెప్పక్కర్లేదు." ఆమె గోడ గడియారం వంక చూసింది. "మా ఊరి హెడ్మాస్టరుగారి డీజిల్ కారు ఒక్కటే నాకు అందే బేరం. ఐదింటికి ఇంకొకళ్ళు వస్తున్నారట."

"నిన్న దారిలో జరిగింది జరిగినట్టు చెప్పు. ఏదీ వదలకు."

"హెడ్మాస్టరుగారు కాగితాలు చూపిస్తానని నన్ను లోపలికి పిలిచారు. నాన్న మెట్లు ఎక్కలేనని షెడ్డులోనే కూర్చున్నాడు. పావుగంటకి బయల్దేరాం. నేనే నడిపాను, నేర్పింది నాన్నే. పాపం ఎంత ప్రాణభయమో, అడుగడుగునా 'అంచునే పోనీ, అంచునే పోనీ' అంటూనే ఉన్నాడు. వంతెన ఎక్కబోతుంటే వద్దు, పక్క రోడ్డులోకి తిప్పమన్నాడు. తిప్పిన కాసేపటికే ఆగిపోయింది. మా బావకి ఫోన్ చేస్తే వచ్చి ఏదో బిగించి స్టార్టు చేశాడు."

"బావంటే?"

"మా మేనమామ కొడుకు. మెకానిక్కు. ఆ డొక్కు బండి నీకెందుకు, పాత సామాను కింద నేను లాక్కుపోతాలే అన్నాడు."

స్టెనో ఆరాగారి వంక అర్థవంతంగా చూసింది. దొంగ దొరికాడని ఆమెకు అప్పటికే ఖాయమైపోయింది.

ఆరాగారు, స్టెనో ముందు హెడ్మాస్టరు ఇంటికి వెళ్ళారు. షెడ్డు తాళంచెవి, కారు తాళంచెవి రెండూ ఆయన నడుముకే వేలాడుతున్నాయి. కారు నీలం రంగు, పదిహేడేళ్ళ వయసు, పైన ఎక్కడా ధూళి లేదు. రోజూ తనే కడుగుతాడట. ఉత్తరం చూడగానే ఆయన మొహం ఎర్రబడింది.

"ఎవడండీ రాసింది? వాడి వేళ్ళు విరగ్గొడతా!"

"బండి అమ్మడం మీకు ఇష్టమేనా?"

"ఏం ఇష్టమండీ, బిడ్డని ఇచ్చేస్తున్నట్టుంది. కళ్ళు మసకబారాయి, నా ఆవిడ తాళంచెవి దాచేస్తోందని నడుముకే కట్టుకుంటున్నా. సోమవారం సాయంత్రం కూడా వీధి చుట్టూ ఒక రౌండు వేశాను. ఇంజను గుటక కూడా వేయలేదు."

"తరవాత?"

"షెడ్డుకి తాళం వేశా. మంగళవారం వీళ్ళొచ్చాకే తీశా."

బానెట్ ఎత్తమంటే ఆయనకు కొక్కెం దొరకలేదు. చివరికి స్టెనో ఎత్తింది.

"డీజిల్ పోసే మూత ఒక్కటే నాకు తెలుసండీ," అన్నాడు హెడ్మాస్టరు బింకంగా. "మిగతాది ముట్టుకుంటే షాకు కొడుతుందని నేను గుడ్డ కూడా తగిలించను."

నిజమే, లోపలంతా నూనె, దుమ్ము కలిసి నల్లగా అట్టకట్టి ఉంది. డీజిల్ ఫిల్టరు మూత మీద ఉన్న చిన్న మర, దాని చుట్టూ రెండు వేళ్ళ మేర మాత్రం, ఒకటి రెండు నల్లటి వేలిముద్రలు పోను, కడిగిన పళ్ళెంలా తెల్లగా ఉంది. ఆరాగారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి చాలాసేపు దాన్ని చూశాడు. ఆ తరవాత ఇంజను స్టార్టు చేయించి విన్నాడు, కారు కిందికి దూరి చూశాడు, నాలుగు టైర్లూ తడిమాడు.

మెకానిక్ బావ గ్యారేజీలో కాలు పెట్టడానికి చోటు లేదు. అతను ఒక కారు కింద నుంచి తల మాత్రం బయటికి పెట్టి మాట్లాడాడు.

"డీజిల్ లైనులో గాలి పట్టిందండీ. ఫిల్టరు మీద మర ఒక చుట్టు వదులైంది. అది వదులైతే నడుస్తూ నడుస్తూ గాలి లోపలికి లాగేసుకుని బండి ఆగిపోతుంది. బిగించి, గాలి తీసేశా, అంతే. పాత బండి కదా, అదురుకి వదులై ఉంటుంది."

"వదులు చేయడానికి స్క్రూడ్రైవరు కావాలా?"

"అబ్బే, జేబులో నాణెం ఉంటే చాలు. డీజిల్ బళ్ళు తెలిసినవాడికి నిమిషం పని."

"బిగించేముందు మరని తుడిచావా?"

అతను నవ్వాడు. "నా మొహం చూస్తే తుడిచేవాడిలా ఉన్నానా? నా చేతికి వచ్చేటప్పటికే మెరుస్తోంది." ఉత్తరం సంగతి చెప్పగానే నవ్వు ఆగిపోయింది. "ఎవడు సార్ ఆ వెధవ? మా మరదల్ని భయపెట్టడానికి ఎన్ని గుండెలు!" అంటూ ఉత్తరం కోసం చెయ్యి చాచాడు. ఆరాగారు గబుక్కున వెనక్కి తీసుకున్నాడు. గోడకి గుచ్చిన అతని బిల్లుల్లో నల్లటి వేలిముద్ర లేని కాగితం ఒక్కటీ లేదు.

చివరగా నర్సు ఇంటికి వెళ్ళారు. ఆమె తండ్రి ముప్పై రెండేళ్ళు బస్సు నడిపిన మనిషి. కిటికీ పక్కన మంచం మీద, సూదులు గుచ్చిన మోచేతికి కట్టుతో, నిటారుగా కూర్చున్నాడు. ఆరాగారు ఉత్తరం చదివి వినిపించాడు.

పెద్దాయన ఒక క్షణం కిటికీలోంచి బయటికి చూశాడు. "అయితే ఇంక కొనట్లేదు కదా?" అన్నాడు.

"సాయంత్రం నాలుగింటికి హెడ్మాస్టరుగారి షెడ్డు దగ్గరికి రాగలరా?" అని అడిగాడు ఆరాగారు.

నాలుగింటికి షెడ్డులో అందరూ చేరారు. పెద్దాయనకు కుర్చీ వేశారు. మెకానిక్ బావ చేతులు కట్టుకుని గోడకి ఆనుకున్నాడు. స్టెనో అతని మీదే కన్నేసి ఉంచింది.

"అదురుకి వదులైన మర తనని తాను తుడుచుకోదు," అని మొదలుపెట్టాడు ఆరాగారు. "ఎవరో వదులు చేశారు. సోమవారం సాయంత్రం బండి బాగానే తిరిగింది, ఆపైన షెడ్డుకి తాళం. కాబట్టి మంగళవారం పొద్దున, తాళం తీశాక, బండి కదిలేలోపు జరిగింది. హెడ్మాస్టరుగారికి బానెట్ కొక్కెమే తెలియదు."

"అవును మరి," అన్నాడు హెడ్మాస్టరు, జీవితంలో మొదటిసారి తెలియకపోవడానికి సంతోషించి.

"మెకానిక్కు ఆ టైముకి ఇక్కడ లేడు. పైగా అతను ముట్టుకున్న కాగితం ఇంత తెల్లగా ఉండదు."

స్టెనో మొహం వాడిపోయింది. బావ ఆమెకి ఒక నమస్కారం పెట్టాడు.

"ఇక ఆ తుడవడం సంగతి. బండిని పాడుచేయాలనుకున్నవాడు మట్టి గురించి పట్టించుకోడు. ఈ మనిషి మర తిప్పబోయే ముందు చుట్టూ శుభ్రంగా తుడిచాడు, డీజిల్‌లో ఒక్క నలుసు పడినా పంపు పాడవుతుందని. బండి ఆగాలి, కానీ దానికి దెబ్బ తగలకూడదు. నడిపే అమ్మాయికీ తగలకూడదు. అందుకే దారి పొడుగునా అంచునే పోనిమ్మన్నాడు, వంతెన ఎక్కనివ్వలేదు. ఆగబోతోందని అతనికి తెలుసు." ఆరాగారు గొంతు తగ్గించాడు. "ఉత్తరం చూసి అందరూ ఎవరు రాశారని అడిగారు. ఒక్కరు అడగలేదు."

నర్సు తిరిగి చూసింది. "నాన్నా?"

పెద్దాయన బుకాయించలేదు. "మీరు బస్సు డిపోలో ఉండాల్సిన మనిషి," అన్నాడు ఆరాగారితో. ఆ తరవాత కూతురి మొహం చూడకుండా నేలతో చెప్పినట్టు చెప్పాడు. "నేను ఈ వైద్యం మానేస్తానంటే నువ్వు ఒప్పుకోవు. బస్సు లేదు, బండి లేదు అంటే ఎవరూ ఎవర్నీ అనుకోవడానికి ఉండదు. దానంతట అదే ఆగిపోతుంది. నీకు ముప్పై అయిదొచ్చాయి. డ్యూటీ దిగి నా మంచం, నా మంచం దిగి డ్యూటీ. చూళ్ళేకపోతున్నానమ్మా."

హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు.

"నువ్వు చచ్చిపోతే నేను సుఖపడతానని ఎవరు చెప్పారు నీకు?" నర్సు గట్టిగా అరిచింది. కన్నీళ్ళు ధారగా కారుతున్నా తుడుచుకోలేదు. "అలసిపోతున్నా, నిజమే. అలసిపోయానని విసుక్కున్నా, అదీ నిజమే. వదిలేసి పొమ్మని ఎప్పుడైనా అన్నానా? పోయిన శనివారం రాత్రంతా నీ వీపు నిమురుతూ దేవుణ్ణి ఏం అడిగానో తెలుసా? ఒక్క బండి ఇప్పించమని అడిగా! అది దొరికితే నువ్వేమో దాని మర విప్పుతావా!"

ఆమె తండ్రి కాళ్ళ దగ్గర కూలబడి ఆయన మోకాళ్ళలో మొహం దాచుకుంది. కట్టు లేని చెయ్యి మెల్లగా వచ్చి ఆమె తల మీద నిలిచింది.

స్టెనో ముక్కు చీది, ఆచారం ప్రకారం అసలు ప్రశ్న అడిగింది. "ఇంతకీ సార్, కారు కొనాలా వద్దా?"

"టైర్లు రెండు మార్చాలి. కింద ఎడమ వైపు కొంచెం తుప్పుంది. మిగతా సాక్ష్యం ఆ కుర్చీలో ఉంది," అన్నాడు ఆరాగారు. "ముప్పై రెండేళ్ళు డీజిల్ బళ్ళు నడిపిన చెయ్యి పావుగంట ఈ కారు ఇంజనులో లోపం వెతికింది. కూతురికి నచ్చకుండా చేయడానికి నిజమైన లోపం ఒక్కటి దొరికినా చాలేది. దొరకలేదు. చివరికి తనే ఒకటి తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఏమంటారు పెద్దాయనా?"

పెద్దాయన కారు వంక చూశాడు. అబద్ధం చెప్పడానికి నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు.

"ఇంజను మాత్రం బంగారం," అన్నాడు.

హెడ్మాస్టరు నడుము నుంచి కారు తాళంచెవి విప్పి నర్సు చేతిలో పెట్టాడు. ఐదింటికి రాబోయే బేరానికి ఫోన్ చేసి రావద్దని చెప్పడానికి లోపలికి వెళ్ళాడు. మెకానిక్ బావ టైర్లు తను వేస్తానన్నాడు.

కూతురు లేచి చెయ్యి అందించింది. పెద్దాయన దాన్ని పట్టుకుని కుర్చీలోంచి లేచాడు, కానీ అడుగు వేయలేదు. ఆమె చేతిలోని తాళంచెవి వంకే చూశాడు.

"శనివారం ఎన్నింటికి రమ్మన్నారే?"

"ఎనిమిదింటికి నాన్నా."

"అయితే నన్ను ఆరింటికల్లా లేపు," అన్నాడు పెద్దాయన. "ఆలస్యమైతే అక్కడ నా మంచం ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు."