గోనెపరదా వెనక చెయ్యి

శాలిబండలో దుల్హన్‌పాషా దేవిడి బంగళా వెనక గల్లీ ఉంది చూశారూ, దీపాలు పెట్టినంక అందులోకి ఎవరూ అడుగుపెట్టేవారు కారు. దేవిడి వెనకవాకిలికి వేలాడే గోనెపరదా సందులోంచి తెల్లటి చెయ్యి రమ్మని ఊపుతుందట... మాట లేదు, పలుకు లేదు. కడుపుతో ఉన్నవాళ్లు కనబడితే ఇంకా ఆత్రంగా ఊపుతుందట.

బతికున్నన్నాళ్లు దుల్హన్‌పాషాకు చేతులెత్తి మొక్కారు జనం. రాచకుటుంబపు కోడలు. తన దగ్గర పనిచేసే పిల్ల కాన్పు కష్టమై కళ్లముందే పోతే, పాషా ఆడవాళ్లుండే జనానాలోనే కాన్పుగది పెట్టించింది. ఏ కులమని అడగలేదు, ఏ మతమని అడగలేదు. పాలమ్ముకునే కొమురమ్మ తన కొడుకు కొండల్‌ను కన్నది ఆ గదిలోనే.

పాషా కన్నుమూసినంక దేవిడి పెద్దతలుపుకు తాళం పడింది. పిల్లల్లేని ఆత్మ కదా, పిల్లల కోసం తిరుగుతున్నదన్నారు.

ఆ వానాకాలం కొండల్ భార్య సత్తెమ్మకు నొప్పులొచ్చాయి. "అడ్డం తిరిగింది, నాతోని కాదు" అని మంత్రసాని చేతులెత్తేసింది. బండి కట్టి మూసీ అవతలి దవాఖానకు బయలుదేరారు. దగ్గరి దారి ఆ గల్లీయే.

పరదా కదిలింది. లాంతరు వెలుతురులో — చెయ్యి!

"అమ్మా... పిలుస్తుంది!" కొండల్ పగ్గాలు లాగిపట్టాడు.

"అటు సూడకు బిడ్డా. బండి తిప్పు," అంది కొమురమ్మ.

"అత్తా, నాతోని అయితలేదు... ఇట్లనే పోనియ్యి."

"ఊకో బిడ్డా! అది నీ కడుపుల పిల్లను అడుగుతది."

చుట్టూ తిరిగి పోయారు. వంతెన దాటకముందే సత్తెమ్మ చెయ్యి చల్లబడింది. కడుపులోని పిల్లా దక్కలేదు.

దినాలనాడు బురఖాలో ఒక ముసలామె వచ్చింది. మగవాళ్లు లేచి బయటికి పోయేదాకా నోరు విప్పలేదు. ముసుగు తీసింది — హుసేనీబీ! ఆ కాన్పుగదిలో కొండల్ బొడ్డు కోసిన దాయి.

"కాన్పుగది తలుపు మూయొద్దని పాషా నాతోని ఒట్టేయించుకుంది కొమురమ్మా. నీళ్లు గూడ కాగబెట్టి పెట్టిన. చెయ్యి ఊపిన గదా... ఎందుకు మళ్లిపోయినవ్?"

"ఒక్క మాట పిలవకపోతివి బీ!"

"పాషా ఉన్నప్పుడు వాకిట కావలుండే దర్వాన్ పిలుస్తుండె. ఇప్పుడు నేనొక్కదాన్నే. బండి మీద మగపిల్లగాడుండె. పరాయి మగోళ్లు వినేటట్టు జనానా గొంతు గల్లీలకెట్ల పోతది?"

ఆనాటినుంచి రోజూ పొద్దుగూకగానే కొమురమ్మ ఆ పరదా ముందు కూర్చుని కేకలేసేది — "రాండ్రి తల్లీ! దెయ్యం లేదు, లోపల దాయి ఉన్నది!"

కోడలు పోయి మతి తప్పిందన్నారు కొందరు. దుల్హన్‌పాషా పట్టిందన్నారు మిగతావాళ్లు.

గల్లీ మొదట్లో బండ్లు ఆగేవి... ఆ గొంతు వినగానే మళ్లిపోయేవి.