డిస్కుకు పెట్టిన బొట్టు

"ఏటి మాస్టారూ, తూకానికి తెచ్చేరా?"

రిపేరు షాపు కౌంటరు మీద ధన్‌మని దించిన ఇనుప పెట్టెను చూసి నాగసుధ అన్న మొదటి మాట అది. మందస జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పే హరికృష్ణకు ఒళ్లు మండింది.

"పాత ఇనుము కాదండీ, ఫ్లాపీ డ్రైవ్. నలభై ఏళ్లనాటి ఇంటి కంప్యూటర్‌కి బయట తగిలించేది. మా నాన్నగారిది. పలాసలో ఆరు షాపులు తిరిగేను. అందరూ పారెయ్యమన్నారు."

"నేను అన్నానేటి?" అంటూ ఆమె స్క్రూడ్రైవర్ అందుకుంది. లోపల మోటారును తిప్పే రబ్బరు బెల్టు పనసజిగురులా కరిగి అంటుకుపోయింది.

ఆ తర్వాత ప్రతి శనివారం హరికృష్ణ కాశీబుగ్గలో ఆమె రిపేరు షాపు ముందు బస్సు దిగేవాడు. టేప్‌రికార్డర్ బెల్టు దాని చోట వేస్తే ఒకసారి వదులైంది, ఇంకోసారి బిగువైంది. రెండుసార్లూ అతనికి సంతోషమే.

నాలుగో శనివారం వాన. కంప్యూటర్‌నూ, డిస్కునూ పాలిథిన్ కవర్లో చుట్టి తెచ్చాడు. షాపులోని పాత టీవీకి తగిలించారు. డ్రైవ్ గరగరమంది. అతని తండ్రి ఉమామహేశ్వరరావు మాస్టారు ఒకప్పుడు బడిపిల్లల కోసం రాసిన ఎక్కాల ఆట తెర మీదికొచ్చింది.

"ఇంక మీకీ తిరుగుడు తప్పింది," అంది నాగసుధ. ఆ గొంతులో గెలిచిన సంబరం లేదు. "నాకూ తీరికుండదులెండి. రేపు నందిగాం నుంచి పెళ్లిచూపులకి వస్తన్నారు."

టీ తెస్తానని గొడుగు విప్పుకుని రోడ్డు దాటింది.

హరికృష్ణ కీబోర్డు దగ్గరికి జరిగాడు. ఆట ఆపి, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాడు: 'రేపు వాళ్లు రాకపోతే బాగుణ్ను. నాకు రావాలని ఉంది.' సేవ్ చేయబోతే కుదరదంది తెర. మళ్లీ చేశాడు. మళ్లీ కుదరదంది. మూడోసారి ప్రయత్నిస్తుండగా వెనక టీ గ్లాసుల చప్పుడు.

నాగసుధ చదివేసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. అయినా, "డిస్కు బయటికి తియ్యండి," అని మాత్రం అంది.

డిస్కు అంచున చిన్న గంటు. దాని మీద రంగు వెలిసిన బొట్టుబిళ్ల.

"ఈ గంటు మూసేస్తే డ్రైవ్ సదువుతాదంతే, రాయనివ్వదు. ఎవులు అంటించేరు?"

"మా అమ్మ. నాన్న రాసింది నేను చెరిపేస్తానని భయం. అమ్మ పోయి రెండేళ్లయింది."

అంటూనే గోటితో పీకబోయాడు. ఆమె చటుక్కున అతని చెయ్యి పట్టుకుంది.

"ఉండనీండి. ఇన్నాళ్లూ కాపలా కాసింది కదా."

టెస్టింగ్‌కని తెప్పించిన ఖాళీ డిస్కు సొరుగులోంచి తీసి పెట్టింది. తనే సేవ్ చేసింది. ఈసారి డ్రైవ్ గరగరమని ఒప్పుకుంది. డిస్కు బయటికి తీసి, తన నుదుటి బొట్టు ఒలిచి, గంటు మీద జాగ్రత్తగా అంటించింది.

"ఇంక మీరు కూడా సెరపలేరు."

"అయ్యో, మీ బొట్టు..."

"అట్టలో ఇంకా ఉన్నాయిలెండి. నందిగాం వాళ్లని రావద్దనమని మా నాన్నకి నేను సెప్తాను. రేపు మీరు మీ నాన్నగారిని తీసుకురండి." టీ గ్లాసు అందిస్తూ గొంతు తగ్గించింది. "పదమూడో ఎక్కం నాకు సరిగ్గా రాదు. ఆయనకి ముందే సెప్పీయండి."