అవ్వ గుమ్మడికాయ ఐదు వందలు

ఓబులమ్మ వంగి గుమ్మడికాయను వేలితో తట్టి చూసింది. వసారాలో అలాంటివి ఇంకో ఇరవై దాకా ఉన్నాయి.

"బాగుండాయి. అన్నీ ఆటోలో ఎక్కిస్తా. మీ అవ్వ యాడికి పోయింది పాపా?"

"చేనికాడికి పెద్దమ్మా. మోటారు కాలిపోయిందంట. కాయ ఐదు వందలు!" ఒక్క గుక్కలో చెప్పేసింది స్తుతి.

ఓబులమ్మకు ఓర్వకల్లు రోడ్డు మీద మెస్ ఉంది. స్తుతి వాళ్లవ్వ విశ్వాసమ్మ పండించే కాయలన్నీ ఏటా ఆమే కొంటుంది. ఇంత ధర మాత్రం ఎప్పుడూ వినలేదు.

"ఐదు వందలా! ఆ రేటుకు కొంటే సాంబారులో ఒక్కో ముక్కకూ టికెట్టు పెట్టాల నేను. సోమన్న కాడ కాయలు కొనుక్కుంటాలే" అని ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

పోతే పోనీ అనుకుంది స్తుతి. నిన్న చర్చిలో కోత పండుగ జరిగింది. అవ్వ ఇచ్చిన గుమ్మడికాయను వేలం వేస్తే అందరూ పోటీపడి పాడారు. చివరికి దావీదురాజు మామ ఐదు వందలకు పాడుకున్నాడు. స్తుతి కళ్లారా చూసింది. ఇక మన కాయలకు తిరుగులేదని గాల్లో తేలిపోతోంది మన పెద్ద వ్యాపారి!

పొద్దుగూకే వేళకు అవ్వ వచ్చింది. సంగతి విని గడప మీద కూలబడింది.

"ఎంత పని చేసినావే! ఆ దుడ్లు వస్తే మోటారు బాగుచేయించాలని చూస్తాండా. రేపు నీళ్లు పెట్టకపోతే టమోటా నారంతా ఎండిపోతాది."

"నిన్న ఐదు వందలకు పోయింది కదవ్వా?"

"దావీదురాజు ఆ దుడ్లు చర్చికి కొత్త రేకులేయాలని ఇచ్చినాడు. కాయ దానికి కొసరు. ఓబులమ్మ ఆ కాయతో సాంబారు చేసి అమ్ముకోని ఇల్లు గడుపుకోవాల. ఆమెకు ఎట్ల గిట్టుబాటవుతాది?"

అవ్వ తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు కాబట్టి స్తుతికి ఏడుపు ఇంకా ఎక్కువ వచ్చింది. కళ్లు తుడుచుకుంటూ మెస్ దాకా పరుగెత్తింది.

ఓబులమ్మ పెద్ద గిన్నె ముందు గరిటె తిప్పుతోంది.

"పెద్దమ్మా, తప్పు నాది. అవ్వకు తెలీదు. చర్చిలో పాడిన ధర చెప్పేసినా."

"సోమన్న కాడ సగం తీసుకున్నా కదా పాపా."

స్తుతి ముఖం చిన్నబోయింది. అయినా కదల్లేదు.

"మిగతా సగమైనా మావి తీసుకో పెద్దమ్మా. నీకు గిట్టుబాటయ్యే ధర నువ్వే చెప్పు."

ఓబులమ్మ ఎగాదిగా చూసి పక్కున నవ్వింది. "ఒక్క పూటలో శానా నేర్చినావే!"

బజారు ధర కట్టి డబ్బులిచ్చింది. "పొద్దున్నే ఆటో పంపిస్తా. మెకానిక్కుకు ముందు ఇవి ఇవ్వమను మీ అవ్వను. మిగతాది తర్వాత ఇస్తారని ఆయనకు నేను మాట చెప్తాలే."

తర్వాత డబ్బాలోంచి ఇంకో వంద తీసింది. "ఇంద, ఇది మీ చర్చి రేకులకు."

ఓబులమ్మ చర్చికి వచ్చే మనిషి కాదు. స్తుతి ఆ నోటు వంక ఆశ్చర్యంగా చూసింది. అదీ కలిపితే మోటారుకు ఇంకాస్త సాయమవుతుంది. ఆ ఆలోచన వచ్చి, వెళ్లిపోయింది.

కాయల డబ్బు కుడి పిడికిట్లో పెట్టుకుంది. రేకుల డబ్బు ఎడమ పిడికిట్లో పెట్టుకుంది. దారి పొడవునా రెండు చేతులూ దూరంగా పట్టుకునే ఇంటికి పరుగెత్తింది.