తాళం పడ్డా ఆగని పని

శనివారం పొద్దున్న రెజీనాను చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. కుడి చేత్తో ఇడ్లీ తింటూ ఎడమ చేత్తో కంప్యూటరు మౌసును అటూ ఇటూ జరుపుతోంది. తెర మీద ఏదీ నొక్కదు, ఏదీ రాయదు. కాసేపు ఊరుకుంటుంది, మళ్ళీ జరుపుతుంది. బోగోలులో ఆ వీధికంతటికీ ఇంట్లో కూర్చుని ఉద్యోగం చేసే కోడలు ఆమె ఒక్కతే. ఉద్యోగమంటే ఇదేనేమో అనుకుని కూరగాయల బండి అతను కూడా కిటికీలోంచి వింతగా చూసి పోతుంటాడు.

నిజానికి అప్పుడు పని చేస్తున్నది రెజీనా కాదు, కంప్యూటరు లోపలి గ్రాఫిక్స్ కార్డు. హైదరాబాదులోని ఒక కార్టూన్ల కంపెనీ కోసం ఆమె సముద్రం అడుగున తిరిగే చేపపిల్లల కథ తయారుచేస్తోంది. ఆమె గీసి, కదలిక నేర్పిన బొమ్మలకు వెలుగూ నీడా అద్ది ఒక్కొక్కటిగా పూర్తిచేసే బరువు పని ఆ కార్డుది. దానికి గంటలు గంటలు పడుతుంది. చిక్కేమిటంటే కంప్యూటరు కంపెనీది. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే తెరకు దానంతటదే తాళం పడుతుంది. అది కంపెనీ నియమం, మార్చడానికి వీల్లేదు. తాళం పడగానే లోపలి పని కూడా ఆగిపోతోంది. ఒకసారి భర్త హెబ్రోనును కాపలా పెట్టి స్నానానికి వెళ్ళింది. రొయ్యపిల్లల హేచరీలో డ్యూటీ చేసి అలిసొచ్చిన ఆ మహానుభావుడు మౌసు మీద చెయ్యి వేసుకునే గుర్రు పెట్టాడు.

సోమవారం పొద్దునకల్లా కథ మొత్తం అందాలని మేనేజరు నరేంద్రబాబు చెప్పాడు. ఇంటి నుంచి పని సాగదనుకుంటే హైదరాబాదు వచ్చేయమని కూడా మెత్తగా అన్నాడు. మెత్తగా అన్న మాటలే ఎక్కువ గుచ్చుకుంటాయి. భర్త ఉద్యోగం ఇక్కడ, తను అక్కడ. అదేం కాపురం?

ఆదివారం చూస్తే చర్చిలో స్త్రీల ఆదివారం. ఆ రోజు గుడిలో పాటలు, ప్రార్థన, ప్రసంగం అన్నీ ఆడవాళ్ళవే. ప్రసంగం ఎప్పుడూ పాస్టరు గారి భార్య చేసేది. ఈ ఏడు రెజీనా అత్త రెబెక్కమ్మను చేయమన్నారు. కోడలిగా ఈ ఊరొచ్చిన నాటి నుంచీ వెనక బెంచీ దాటి ఎరగని మనిషి రెబెక్కమ్మ. కొన్నాళ్ళుగా వంటింట్లో కోడలిని నిలబెట్టి ఆ ప్రసంగం చెప్పి చూసుకుంటోంది. అలాంటి మనిషితో, నేను రేపు గుడికి రాలేనని చెప్పే ధైర్యం రెజీనాకు లేకపోయింది. హెబ్రోను నోట్లో మాత్రం నువ్వుగింజ నానదు. టిఫిను తింటూ ఆ మాట కాస్తా జారవిడిచాడు.

అత్త మీది కోపం దుత్త మీద చూపించడం లోకంలో ఉన్నదే. ఇక్కడ కోడలి మీది కోపం చేపల మీద చూపించింది రెబెక్కమ్మ. పెరట్లో ఆమె తోముతుంటే పొలుసులు గోడ దాకా ఎగిరాయి. కాసేపటికి తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

"రేపు నువ్వు రావంట."

"రావాలనే ఉంది అత్తా. నేను లేస్తే దీనికి తాళం పడిపోతుంది. పని ఆగిపోతుంది."

"ఒక్క పూట ఆగితే ఏం బోయింది?"

సోమవారానికి అందదనీ, అందకపోతే తనను హైదరాబాదు రమ్మంటారనీ రెజీనా చెప్పింది. రెబెక్కమ్మ వినే స్థితిలో లేదు. ఆ పెట్టెకున్న విలువ ఇంట్లో మనుషులకు లేదనీ, పొద్దస్తమానం దాని ముందు బొమ్మలు చూసుకుంటూ కూర్చుంటే కాలం ఎవరికైనా గడుస్తుందనీ అనేసింది. ఆ బొమ్మల మాట దగ్గర రెజీనాకు ఓర్పు తెగింది.

"నేను చూడడం లేదత్తా, చేస్తున్నా. ఇదీ పనే. మా కోడలు బొమ్మలు చూస్తా కూర్చుంటాదని మీరు వీధిలో చెప్పే సంగతి నాకు తెలుసు."

హెబ్రోను పళ్ళెం పట్టుకుని పెరట్లోకి తప్పుకున్నాడు. తల్లికీ పెళ్ళానికీ నడుమ నిలబడ్డ మగాడికి ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పెరడున్నవాడు అదృష్టవంతుడు.

రెబెక్కమ్మ ముఖం చిన్నబోయింది. "అదేం పనమ్మే? మేస్త్రి చూస్తా ఉంటేనే ఇటికెత్తే కూలోడి మాదిరి, చూసేవాళ్ళు లేకపోతే పండుకుంటాదా?" అంది. ఆ తర్వాత గొంతు తగ్గిపోయింది. "ముందు బెంచీలో నువ్వు లేకపోతే నాకు నోరు పెగల్దు రెజీనా. అందుకు రమ్మన్నా. పది మందికి చూపించుకోడానికి కాదు."

ఆమె వెళ్ళిపోయాక రెజీనా ముఖం చేతుల్లో దాచుకుని ఏడ్చింది. ఏడుపు తీరాక ఒక మాట మాత్రం చెవిలో జోరీగలా తిరగసాగింది. చూసేవాళ్ళు లేకపోతే పండుకుంటాదా? ఇన్నాళ్ళూ తప్పంతా తాళానిదే అనుకుంది. తీరా ఆలోచిస్తే, ఒక్కో బొమ్మ తయారవుతున్నప్పుడు దాన్ని చూపించడానికి తెర మీద ఒక కిటికీ తెరుచుకుని ఉంటుంది. తాళం పడితే ఆ కిటికీకి చూపించే చోటుండదు. అది ఆగిపోతూ పనిని కూడా ఆపేస్తోంది. మరి చూపించడమే మానేయమంటే?

కళ్ళు తుడుచుకుని వెతకడం మొదలుపెట్టింది. కిటికీ ఏదీ తెరవకుండా, బొమ్మలు చేసి చేసినట్టు దాచిపెట్టమని, అక్షరాలు మాత్రమే కనిపించే నల్ల తెరలో ఆజ్ఞ రాసి ఇచ్చే పద్ధతి ఉంది. మొదటిసారి ఆజ్ఞ తప్పు రాసింది. రెండోసారి కంప్యూటరు ఏకంగా నిద్రపోయింది. తాళం వేరు, నిద్ర వేరని అప్పుడు తెలిసింది. నిద్రను ఆపడానికి కంపెనీ నియమమేదీ అడ్డు లేదు. అది ఆపేసి, మళ్ళీ ఆజ్ఞ ఇచ్చి, తన చేతులతో తనే తెరకు తాళం వేసింది. పెట్టెకు చెవి ఆనించింది. ఎప్పుడూ తాళం పడగానే నెమ్మదించే ఫ్యాను ఈసారి హోరు తగ్గించలేదు. కాసేపాగి తాళం తీస్తే కొత్త బొమ్మలు వరుసగా వచ్చి ఉన్నాయి. రెజీనా కుర్చీలోంచి ఎగిరి లేచి, మళ్ళీ తాళం వేసి, అత్తను పిలిచింది.

రెబెక్కమ్మ బింకంగానే వచ్చింది. పెట్టె వెనక చెయ్యి పెట్టమంటే పెట్టింది. వేడిగాలి తగిలింది.

"తాళం పడే ఉండాది గదా?"

"పడే ఉంది."

"మరి లోపల?"

"చేస్తా ఉంది అత్తా. ఎవరూ చూడకపోయినా."

రెబెక్కమ్మ నవ్వలేదు గానీ, వెళ్తూ వెళ్తూ, "రేపు ఆ నీలం చీర కట్టుకో," అంది.

ఆదివారం మిగిలిన బొమ్మలన్నిటికీ కలిపి ఆజ్ఞ ఇచ్చి, తాళం వేసి, రెజీనా గుడికి బయలుదేరింది. గుండె మాత్రం కంప్యూటరు దగ్గరే ఉంది. నిన్న చూసింది కొన్ని బొమ్మలకే. ఇవాళ్టిది కొండంత పని. మధ్యలో ఎక్కడ ఆగినా మళ్ళీ చేసుకునే వ్యవధి లేదు.

ముందు బెంచీలో కూర్చుంది. రెబెక్కమ్మ లేచి నిలబడింది. చేతిలోని కాగితం విప్పింది. ఆమె కళ్ళు వెతికి వెతికి కోడలి మీద ఆగాయి. రెజీనా చిన్నగా తలూపింది. రెబెక్కమ్మ కాగితం మడిచి పక్కన పెట్టేసింది.

"మనం చేసే పని ఎవురూ చూడరని ఆడోళ్ళం బాధపడతా ఉంటాం," అని మొదలుపెట్టింది. "మా ఇంట్లో ఒక బిడ్డ పొద్దస్తమానం కష్టపడతా ఉంటే నేనే చూళ్ళేదు. బొమ్మలు చూస్తా కూర్చుంటాదని వీధంతా చెప్పినా. ఆ మాట ఈడ నిలబడి వెనక్కి తీసుకుంటా ఉండా."

ఆ తర్వాత ఆమె మాటకు అడ్డే లేకపోయింది. మధ్యలో నవ్వించింది, చివర్లో ఏడిపించింది. ఆడవాళ్ళంతా ఆమేన్ అంటుంటే గుడి మారుమోగింది. ప్రార్థన ముగిశాక పాస్టరు గారి భార్య ఆమె చేతులు పట్టుకుని చాలాసేపు మాట్లాడింది.

ఇంటికొచ్చాక రెబెక్కమ్మ చెప్పులు విడిచి నేరుగా కంప్యూటరు దగ్గరికే వెళ్ళి నిలబడింది. హెబ్రోను కూడా వచ్చి చేరాడు. రెజీనా తాళం తీసింది. చివరి బొమ్మ దాకా వచ్చేసి ఉంది. ఒక్కటీ తప్పలేదు. అన్నీ కలిపి ఆడిస్తే నీలిరంగు నీళ్ళలో చేపపిల్లలు బిలబిలమంటూ ఈదుకుంటూ పోయాయి. హెబ్రోను ఈల వేశాడు. పంపించిన కాసేపటికే నరేంద్రబాబు ఫోను చేశాడు. హైదరాబాదు మాట ఇక మర్చిపొమ్మన్నాడు. తాళం పడ్డాక కూడా పని ఎలా నడిచిందో మిగతా వాళ్ళకు నేర్పమని అడిగాడు.

రెజీనా ఆ కబురు చెబితే రెబెక్కమ్మ తాపీగా తలూపింది. "నేర్పు. మాట్లాడే అలవాటు అయితాది. వచ్చే ఏడు ప్రసంగం నీదే. పాస్టరమ్మగారికి నీ పేరు చెప్పేసినా."

"ఎప్పుడు?"

"ఇందాక, గుడి కాడ."

"అప్పటికి తాళం తియ్యనే లేదు కదత్తా. పని ఆగిపోయుంటే? నేను హైదరాబాదు పోవాల్సొచ్చుంటే?"

రెబెక్కమ్మ ఆమె వంక వింతగా చూసింది.

"నువ్వు చేసిపెట్టి వచ్చిన పని ఎందుకు ఆగుతాదమ్మే?"

ఆ ఒక్క మాట కోసం తను ఈ ఇంట్లో ఎన్నాళ్ళుగా ఎదురుచూస్తోందో రెజీనాకు అప్పుడు తెలిసింది. అత్త భుజం మీద తల ఆనించి, సంతోషం పట్టలేక, హాయిగా ఏడ్చేసింది.