ఒకే పేరుతో ఇద్దరు

గడియారాలు బాగుచేసే మనిషిని పట్టపగలు, స్టేషన్ లిఫ్ట్‌లో, రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య చంపేశారు. సైలెన్సర్ పిస్టల్, ఒకటే గుండు. తలుపులు తెరుచుకునేసరికి, అతని చేతిలో ఎవరిదో బాగుచేసిన గడియారం ఇంకా తిరుగుతూనే ఉంది.

అతను గడియారాలు బాగుచేస్తాడన్నది నిజం. పరాయి దేశంలో మన బ్యూరో తరఫున పనిచేస్తాడన్నది ఇంకా నిజం. ఆ రెండో సంగతి రాసి ఉన్నది ఒకే ఒక్క చోట, బ్యూరో వారి లినక్స్ సర్వర్‌లో.

మధ్యాహ్నం మూడున్నరకి, పరుపుల కంపెనీ అని బోర్డున్న భవనం వెనక గేటు దగ్గర, ఏసీ మెకానిక్ యూనిఫాంలో ఒకావిడ వ్యాన్ దిగింది.

"కంప్రెసరా?" అడిగాడు గార్డు.

"గ్యాస్ లీకట."

"ఎన్నో అంతస్తు?"

"కింద అంతస్తుకి కింద."

కోడ్ సరిపోయింది, గేటు తెరుచుకుంది. ఆ కోడ్ మాటలు ఆరేళ్లుగా మారలేదు. ఎదురు జిరాక్స్ షాపతనికి కూడా నోటికి వచ్చేసి ఉంటాయి.

బ్యూరోలో ఆమెను అందరూ తాళం అంటారు. సర్వర్లకు ఏ భద్రత కావాలో చెప్పడం ఆమె పని. వినకపోవడం బ్యూరో పని. ఎవరి పని వాళ్లు ఏళ్లుగా నిష్ఠగా చేస్తున్నారు.

సెల్లార్‌లో, సర్వర్ ర్యాకుల మధ్య చలికి భుజాలు ముడుచుకుని నించున్నాడు చీఫ్.

"లీక్ ఇక్కణ్ణుంచే. ఎవరు లాగిన్ అయ్యారో చెప్పు."

తాళం, ఎవరి పేరుతో ఎప్పుడు లోపలికొచ్చారో సర్వర్ రాసుకునే లాగ్ తెరిచింది. పొద్దుట్నుంచి పంతొమ్మిది లాగిన్లు. పంతొమ్మిదింటికీ ఒకటే పేరు: ఫీల్డ్.

"ఎలా చెప్పను సార్? పధ్నాలుగు మంది ఏజెంట్లకీ కలిపి ఒకటే యూజర్, ఒకటే పాస్‌వర్డ్ ఇచ్చారు కదా."

"ఆపదలో ఉన్నవాడికి తేలిగ్గా గుర్తుండాలని ఇచ్చాం."

"బాగా గుర్తుంది సార్. వాళ్లకీ గుర్తుంది."

ఎవరి యూజర్ వాళ్లకివ్వండి, పాస్‌వర్డ్ లాగిన్ తీసేసి ఎవరి దగ్గర వాళ్లకే ఉండే రహస్య ఫైలు, అంటే కీ పెట్టండి, కీతోపాటు నిమిషానికోసారి మారే కోడ్ కూడా అడగండి అని ఆమె ఏడు మెమోలు రాసింది. ఆ ఏడూ మడతపెట్టి, చీఫ్ టేబుల్ ఊగకుండా ఒక కాలి కింద ఆన్చి ఉన్నాయి.

"ఇప్పుడే పాస్‌వర్డ్ లాగిన్ మూసేస్తా. రెండు నిమిషాల పని."

"నాలుగు దాకా ఆగు." చీఫ్ ఆమె మొహం చూడకుండా అన్నాడు. "నాలుగింటికి పిచ్చుక లాగిన్ అవుతాడు. వాడి దగ్గర కీ లేదు. పాస్‌వర్డ్ ఒక్కటే ఉంది."

తాళం చేతిలోని స్క్రూడ్రైవర్ కింద పెట్టింది. పిచ్చుక ఆమె తమ్ముడు.

రెండేళ్లుగా పియానోలు శ్రుతి చేసేవాడి వేషంలో సరిహద్దు అవతల ఉన్నాడు. గడియారాలాయన తర్వాత వంతు అతనిదే కావచ్చు. బయటపడే దారి, చీఫ్ ఇప్పుడే సర్వర్‌లో పెట్టించిన వాపసు అనే ఫైల్లో ఉంది. మిగిలిన పన్నెండు మంది దారులూ, ఇళ్లూ, అసలు పేర్లూ కూడా ఆ ఒక్క ఫైల్లోనే ఉన్నాయి. పిచ్చుక శాటిలైట్ లైను పది నిమిషాలే నిలుస్తుంది. ఆలోగా ఫైలు చదివితే బతికి బయటపడతాడు. లేకపోతే లేదు.

తాళం ముందుగా ఆ ఫైలు పర్మిషన్లన్నీ తీసేసింది. ఇక తను తెరిస్తే తప్ప ఎవరూ చదవలేరు.

మడమల చప్పుడు వినిపించింది. కోడ్ ఆఫీసర్ వచ్చి ఏసీ డక్ట్ కింద నించుంది. పట్టు చీర, భుజం దాకా వేలాడే చెవి జూకాలు. బ్యూరోలో సగం మంది కోడ్ మాటల నెపంతో ఆమెను చూడ్డానికే వెళ్తారు. నాలుగేళ్ల కిందట పిచ్చుకను పెళ్లాడింది. తాళానికి మరదలు.

"ఆయన వచ్చారా వదినా?"

"ఇంకా లేదు. కూర్చో."

ఆమె కూర్చోలేదు.

సరిగ్గా నాలుగింటికి స్క్రీన్ మీద ఒక సెషన్, లోపలికొచ్చినవాడి కిటికీ, తెరుచుకుంది. యూజర్ ఫీల్డ్. పదకొండు సెకన్లకి మరో సెషన్. యూజర్ ఫీల్డ్. రెండింట్లోనూ ఒకటే వాక్యం వచ్చింది: పిచ్చుకను, ఫైలు తెరవండి.

తాళం వెంటనే పాస్‌వర్డ్ లాగిన్ మూసేసి సర్వీసు రీలోడ్ చేసింది. ఇక కొత్తవాళ్లు రాలేరు. కానీ తలుపు వేసినంత మాత్రాన లోపలున్నవాళ్లు బయటికి పోరు. ఆ రెండు సెషన్లూ అలాగే ఉన్నాయి. పైగా సర్వర్ దృష్టిలో ఇద్దరూ ఒకే మనిషి. ఫైలు ఒకరికి తెరిస్తే ఇద్దరికీ తెరుచుకుంటుంది. ముందు దొంగ సెషన్‌ని కోసెయ్యాలి.

"కోడ్ అడుగు," అన్నాడు చీఫ్.

మరదలు కోడ్ పుస్తకం విప్పి చదివింది, తాళం టైప్ చేసింది. మూడు ప్రశ్నలకీ ఇద్దరూ సరైన జవాబులే ఇచ్చారు. నాలుగూ అయిదు అయింది.

"పుస్తకం కూడా పోయిందన్నమాట. ఇక చేసేదేముంది," అంటూ చీఫ్ స్టూలు మీద కూలబడ్డాడు.

తాళం ఒక్క క్షణం ఆలోచించి రెండు కిటికీల్లోనూ టైప్ చేసింది: గాజు జగ్గు పగలగొట్టింది ఎవరు?

ముప్పై ఏళ్ల కిందటి మాట అది. జగ్గు పగిలింది, దెబ్బలు తిన్నది తమ్ముడు. నేను కాదు, అక్కే అని ఏడుస్తూనే తిన్నాడు. నాన్న నమ్మలేదు. పెద్దయ్యాక కూడా అదే పాట. ఇకనైనా ఒప్పుకోరా అని ఆమె ఎప్పుడు ఆటపట్టించినా, "పోయేముందు ఒప్పుకుంటాలే అక్కా, నీ సరదా ఎందుక్కాదనాలి" అనేవాడు.

రెండు కిటికీల్లోనూ కర్సర్ ఆడుతోంది. జవాబు లేదు.

"ఇదేం ప్రశ్న వదినా," మరదలు కళ్లు తుడుచుకుంటూ కాస్త గట్టిగానే అంది. "జగ్గు సంగతెత్తితే ఆయనెప్పుడూ మీరే పగలగొట్టారంటారు కదా. నాకు వందసార్లు చెప్పారు."

నాలుగు సెకన్లు గడిచాయి. రెండో కిటికీలో జవాబు వచ్చింది: నువ్వే పగలగొట్టావక్కా.

"అదిగో, ఆయనే," అంది మరదలు. "మొదటిది కోసేసి ఫైలు తెరవండి, టైం లేదు."

"తెరువు," అన్నాడు చీఫ్.

నాలుగూ తొమ్మిది. మొదటి సెషన్ కోసి ఫైలు తెరిచే కమాండ్ టైప్ చేసింది తాళం. ఎంటర్ మీద వేలు పెట్టింది. అప్పుడు కదిలింది మొదటి కిటికీ.

నేనే అక్కా. జగ్గు నేనే పగలగొట్టాను.

"చూశావా, తప్పు జవాబు. వాడే దొంగ. కొట్టు ఎంటర్," చీఫ్ లేచి నించున్నాడు.

తాళం ఎంటర్ మీది వేలు వెనక్కి తీసింది. జగ్గు కథ అతను భార్యకి చెప్పాడు. సగమే చెప్పాడు. పోయేముందు ఒప్పుకుంటానన్న మాట అక్కాతమ్ముళ్ల మధ్యే ఉండిపోయింది. ఇప్పుడు ఒప్పుకున్నాడంటే, చావు ముందున్నాడు, వాడి వీపు వెనక ఎవరో నించున్నారు. వాడి చేత ఒక తలుపు తట్టించి, వాడు మొరాయిస్తే ఉంటుందని రెండోది తామే తట్టారు. కణత మీద పిస్టల్ పెట్టుకుని వాడు అక్కకి ఒకటే చెబుతున్నాడు: నన్ను నమ్మకు, తెరవకు.

తెరవకపోతే వాడితో వాళ్లకి ఇక పనిలేదు. తెరిస్తే మిగతావాళ్లంతా పోతారు, వాడూ పోతాడు. ఏ లెక్కన చూసినా తమ్ముడు మిగలడం లేదు.

కమాండ్ చెరిపేసింది. కొత్తది కొట్టింది. ఫీల్డ్ పేరుతో ఉన్న సెషన్లన్నీ తెంచెయ్. అక్కడ ఆమె వేలు చాలాసేపు ఆగినట్టు ఆమెకనిపించింది. లాగ్ ప్రకారం రెండు సెకన్లు. ఎంటర్.

రెండు కిటికీలూ నల్లబడ్డాయి. నాలుగూ తొమ్మిది నిమిషాల యాభై ఎనిమిది సెకన్లు.

"ఏం చేశావ్?" అన్నాడు చీఫ్.

"ఆ జవాబు నా మరదలు పైకి అన్నాక వచ్చింది సార్. ఆవిడ జూకాలు తీయించండి."

పైనుంచి గార్డు వచ్చి తీసి చూశాడు. ఎడమ జూకాలో ముత్యం లేదు, మినప గింజంత ట్రాన్స్‌మిటర్ ఉంది. దాని సిగ్నల్ డక్ట్ గుండా పైకి పోతోంది. మరదలు పెనుగులాడలేదు.

"ఫైలిస్తే ఆయన్ని వదిలేస్తామన్నారు వదినా," అంది. "ఆయన కోసమే చేశాను."

"గడియారాలాయన్ని కూడా వదిలేస్తామనే అన్నారా?"

మరదలు కోడ్ పుస్తకం మూసి ర్యాకు మీద పెట్టింది. ఆమె చెప్పింది నిజమో అబద్ధమో సరిచూసే పద్ధతి బ్యూరోలో లేదు. తాళం దగ్గరా లేదు. ఆమెను గార్డులు తీసుకుపోయారు.

గదిలో ఫ్యాన్ల హోరు మిగిలింది. గడియారాలాయన పోగా మిగిలిన పదముగ్గురిలో పన్నెండు మంది ఈ పూటకి బతికారు. తాళం ఫీల్డ్ యూజర్‌ని తీసేసి, పన్నెండు కొత్త యూజర్లు తయారుచేసింది, ఎవరి కీ వాళ్లకి. పదమూడోది కూడా తయారుచేసి, కాసేపు చూసి, తనే తీసేసింది. ఏడుపు అప్పుడు వచ్చింది. కళ్లు యూనిఫాం చేతికి తుడుచుకుంది.

చీఫ్ పైకి వెళ్లి టేబుల్ కాలి కింది మెమోలు తెచ్చి, నించునే ఏడింటి మీదా సంతకాలు పెట్టాడు. ఆఖరికి అడిగాడు.

"ఇంతకీ ఆ జగ్గు... మీ తమ్ముడేనా పగలగొట్టింది?"

తాళం టూల్ బ్యాగ్ జిప్ వేసింది.

"నేనే సార్. లాగ్‌లో వాడి పేరు పడింది."