అల్లుడికి ఫీజు లేదు

“డిపాజిట్టు మీదే. ఏజెన్సీ వదిలేసిననాడు తిరిగొచ్చేస్తాది. పేరు మార్చడానికి కంపెనీకి కట్టే ట్రాన్స్‌ఫర్ ఫీజు మాత్రం తిరిగి రాదండి. బాగా ఆలోసించుకోండి,” అంది రాజ్యం.

ఏజెన్సీ తీసుకోవడానికి వచ్చినవాణ్ణి ఇలా భయపెట్టే మనిషిని ఆదిశేషు అంతవరకూ చూడలేదు.

“కొట్టు ఇవ్వాలని లేదేటండి మీకు?” అన్నాడు నవ్వుతూ.

“లేదు,” అంది. నవ్వలేదు.

అది 1976. రాయగడ స్టేషను దారిలోని ఆ కుట్టుమిషన్ల ఏజెన్సీ ఆమె తండ్రి అప్పలనరసింహానిది. ఆయనకు పక్షవాతం వచ్చాక కొట్టు రాజ్యమే చూసుకుంటోంది. ఆడపిల్ల గుడారి లాంటి ఊళ్లకు కొండదారుల్లో తిరిగి మిషన్లు ఏం అమ్ముతుందని ఆయన బెంగ. అందుకే ఏజెన్సీని పార్వతీపురం కుర్రాడు ఆదిశేషుకు మార్చడానికి ఒప్పుకున్నాడు.

పని నేర్చుకోవడానికి ఆదిశేషు రోజూ మోటారుసైకిలు మీద వచ్చేవాడు. మిషను సూదికి దారం ఎక్కించబోయి వేలు గుచ్చుకుంటే, రాజ్యం పెదవి బిగబట్టి నవ్వు ఆపుకునేది. బేరాల్లేని వాన మధ్యాహ్నాల్లో ఇద్దరూ మిషన్ల సంగతి మరిచిపోయి మాట్లాడుకునేవారు.

మార్పు పూర్తిచేయడానికి విశాఖ నుంచి కంపెనీ మనిషి వచ్చాడు. ఆదిశేషు దగ్గర డిపాజిట్టు సొమ్ము సిద్ధంగా ఉంది. ఫీజుకు మాత్రం కొంత గడువు అడిగాడు.

కంపెనీ మనిషి పకపకా నవ్వాడు.

“గడువెందుకయ్యా? సొంతవాళ్లకి మారిస్తే కంపెనీ ఫీజు తీసుకోదు. ఈయనకి అల్లుడైపో, గొడవ వదిలిపోతుంది!”

అప్పలనరసింహం ముఖం వెలిగింది. “ఏటంటావు బాబూ?”

ఆదిశేషు మనసులో ఉన్న మాటే అది. కానీ ఇలా, బేరంలో కొసరులా రావాలా? రాజ్యం లేచి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం గుమ్మంలో ఆమే ఆపింది.

“కాదనలేదేటి మీరు?”

“కాదనాలని లేదు నాకు.”

“ఫీజు మిగుల్తాదనా? రేపు మన మధ్య సిన్న మాటొచ్చినా, దానికోసమే సేసుకున్నాడు అనుకుంటాను. ఆ అనుమానంతో నేను బతకలేనండి.”

అతను తలవంచుకుని వెళ్లిపోయాడు.

ఆ తరవాత రాలేదు. తండ్రి రోజూ వీధివైపు చూసేవాడు. రాజ్యానికి అన్నం సహించేది కాదు. పొమ్మన్నది తానే, ఎవరితో చెప్పుకుంటుంది?

ఒక ఉదయం ఆదిశేషు వానలో తడుస్తూ, నడుచుకుంటూ వచ్చాడు. రసీదు తీసి అప్పలనరసింహం ముందు పెట్టాడు.

“ఫీజు కట్టేసేనండి. ఏజెన్సీ నా పేరుకి మారిపోయింది.”

“సొమ్మెక్కడిది బాబూ?”

“మోటారుసైకిలు అమ్మేసేను.”

తరవాత రాజ్యం వైపు తిరిగాడు.

“ఇప్పుడు అడుగుతున్నాను. మీరు కాదన్నా కొట్టు నాదే. ఔనన్నా నాకు కొత్తగా మిగిలేదేటీ లేదు, మీరు తప్ప. నన్ను పెళ్లి చేసుకుంటారా?”

అప్పలనరసింహం ఈసారి నోరు మెదపలేదు. జవాబు చెప్పవలసింది కూతురని అర్థమైంది ఆయనకు.

రాజ్యం కళ్లల్లో నీళ్లు నిండాయి. బండి లేని వాకిలి వైపు చూసి అంది:

“బండి లేకుండా గుడారి ఎలా ఎల్తారు?”

“బస్సులో.”

“అయితే రెండు టిక్కెట్లు తియ్యండి.”

అప్పలనరసింహం కళ్లు తుడుచుకున్నాడు.

“పెళ్లయ్యాక తియ్యండర్రా,” అన్నాడు.