లాగవుట్ లేని గని

ఏజెంట్ సాకేత్‌ను మహబూబాబాద్ స్టేషన్‌లో పట్టపగలే చంపారు. మెడ వెనక చిన్న సూది గాటు. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పక్కనున్న ముసలామె అతని భుజం మీద తల ఆనించి అరగంట నిద్రపోయింది.

జేబులో ఫోన్ లేదు. మేజోడులో మాత్రం చీటీ దొరికింది. "రేపు పగలు పదకొండు. భూపాలపల్లి. గని ఫ్యాన్."

ఆ సాయంత్రం జనగామ బస్టాండు ఎదుట, మూతపడ్డ జిరాక్స్ షాపులో రహస్య విభాగం చీఫ్ ప్రణయ్ ఆ చీటీని బల్ల మీద పెట్టాడు. ఎదురుగా ఏజెంట్ గట్టమ్మ. నలభై ఆరేళ్ళు. ఏడో తరగతితో బడి ఆగింది. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టంను మాత్రం తుక్కు కంప్యూటర్లు విప్పి తనంతట తనే నేర్చుకుంది.

"గని లోపలికి గాలి పంపే ఫ్యాన్‌ను పైన కంట్రోల్ రూంల ఒక లినక్స్ కంప్యూటర్ నడిపిస్తది గట్టక్కా. రేపు ఆ ఫ్యాన్‌ను ఆపుతరు. తెర మీద తిరుగుతున్నట్టే కనపడ్తది. సైరన్ మోగదు. గ్యాస్ నిండేదాక పైన ఎవలకూ తెల్వదు. కింద నూట ముప్పై రెండు మంది."

"ఎవలకు లాభం సార్?"

"సముద్రం అవతల బొగ్గు అమ్మే ముఠాకు. మన గని మూతపడితే వాళ్ళ ఓడ కదుల్తది."

ఒక ఓడ కోసం నూట ముప్పై రెండు పీనుగులు. టై కట్టుకున్నవాడు చేస్తే దీన్ని బిజినెస్ అంటారు.

"ఎట్ల జొరబడ్డరు?"

"తెర మీద బొమ్మ చూపించే డిస్‌ప్లే సిస్టం నుంచి. ఎక్స్ లెవెన్. నలభై ఏండ్ల కిందటిది. అండ్ల ఒక ప్రోగ్రాం ఇంకో ప్రోగ్రాం తెర చూడొచ్చు, కొట్టే అక్షరాలు పట్టొచ్చు, దాని తరఫున బటన్ నొక్కొచ్చు. తలుపుల్లేని ఇల్లు."

"దాని బదులొచ్చిన వేలాండ్ పెట్టలేదా?"

"పెట్టి రెండు నెలలాయె. అండ్ల ఎవల గది వాళ్ళదే, ఒకలది ఒకలకు కనపడదు. అయినా వాళ్ళు ఇంకా చూస్తనే ఉన్నరు. ఎందుకో నువ్వే తేల్చాలె."

"గని ఆపమని ఫోన్ చేస్తే?"

"ఆ వార్త వాళ్ళకు ముందు చేరుతది. అప్పుడే నొక్కుతరు. అక్కడ మన మనిషి దీప ఉంది. కోడ్ గుర్తుంది గదా?"

మర్నాడు పది నలభైకి గట్టమ్మ ఊడ్చే మనిషి వేషంలో కంట్రోల్ రూంలోకి వెళ్ళింది. చీపురు కట్టెలో షాక్ రాడ్.

కుర్చీలో ఆపరేటర్ హీర్యా. కుడిచేతికి బొటనవేలు తప్ప వేళ్ళు లేవు, గని తీసుకుంది. కుట్టుమిషన్ పెడల్ విప్పి, తనే ప్రోగ్రాం రాసి, కాలితో తొక్కితే తెర మీద మీటలు నొక్కుకునేలా చేసుకున్నాడు. ఆ పెడలే అతని ఉద్యోగం. కొడుకు ప్రకాశ్ మొదటి షిఫ్ట్‌లో కింద ఉన్నాడు.

కిటికీ పక్కన దీప. పట్టుచీర, నల్లకళ్ళద్దాలు, కొప్పులో వెండి సూది, మెడలో "డిస్‌ప్లే కన్సల్టెంట్" కార్డు.

"ఘనపూర్ బస్సు పోయిందా మేడం?" అంది గట్టమ్మ.

"ఖాళీగ పోయింది," అంది దీప. కోడ్ సరిపోయింది.

గట్టమ్మ తుడిచే నెపంతో కీబోర్డు మీద వంగి ఒక కమాండ్ కొట్టింది. సెషన్: ఎక్స్ లెవెన్. మొదలైన తేదీ: పోయిన దసరా. వేలాండ్ డిస్కులో పడుకుని ఉంది. కొత్తగా లాగిన్ అయితే గాని లేవదు.

"హీర్యన్నా, దీన్ని లాగవుట్ చెయ్యరా?"

"చెయ్యం. పోయినపాలి షిఫ్ట్ నడుమ దించిన దినమే కింద పైకప్పు కూలి నా చేతి ఏళ్ళు పోయినయ్. మూడు షిఫ్టులోళ్ళం గిదే లాగిన్ మీద కూసుంటం. బొట్టు సుత పెట్టినం, సూడు. దించితే మనిషి పోతడు."

"ఎవలన్నరు?"

"అందరికీ ఎరుకే. గీ మేడం సుత గదే అంటది. వచ్చినప్పుడల్ల కొబ్బరికాయ తెస్తది, దించకు అన్నా అని చెప్తది."

దీప నవ్వింది. "సాకేత్ గూడ గిట్లనే జర లేటుగ అర్థం చేసుకున్నడు."

వెండి సూది గట్టమ్మ మెడ వైపు దూసుకొచ్చింది. గట్టమ్మ పక్కకు జరిగి చీపురు కట్టెను ఆమె పక్కటెముకల్లోకి పొడిచి బటన్ నొక్కింది. వదల్లేదు. దీప కాళ్ళు కొట్టుకోవడం ఆగేదాకా అలాగే పట్టుకుంది. బతికిందా లేదా అని వంగి చూడలేదు కూడా.

పది యాభై ఎనిమిది. తెర మీద మౌస్ బాణం కదిలింది.

"నేను కదుపుతలేను," అన్నాడు హీర్యా. అతని కాలు పెడల్ మీద లేదు. చెయ్యి మౌస్ మీద లేదు. బాణం మెల్లగా ఫ్యాన్ బొమ్మ వైపు జరుగుతోంది.

"వాళ్ళు కదుపుతున్నరు. కిందున్నోళ్ళను సంపుతరు. లాగవుట్ చెయ్యి."

అతను కీబోర్డుకు ఒళ్ళంతా అడ్డం పెట్టాడు. "అక్కా, నా కొడుకు కింద ఉన్నడు. నేను దించ."

"కిందున్నడు కాబట్టే దించమంటున్న. ఇంకోటి గూడ ఇను. కొత్త దాంట్ల నీ పెడల్ పనిచెయ్యది. నువ్వు గూడ వాళ్ళొచ్చిన సందుల నుంచే మీటలు నొక్కుతున్నవ్. అది మూస్తే నీకూ మూసుకుంటది."

అబద్ధం చెప్పొచ్చు. చెప్పలేదు.

బాణం ఫ్యాన్ బొమ్మ అంచు తాకింది. హీర్యా ఎడమచేత్తో లాగవుట్ నొక్కాడు.

తెర నల్లబడింది. లాగిన్ పెట్టె వచ్చింది. గట్టమ్మ తెర మూలనున్న చక్రం గుర్తు నొక్కి వేలాండ్ ఎంచింది. హీర్యా పాస్‌వర్డ్ ఒక్కో అక్షరమే చెప్పాడు, ఆమె కొట్టింది. ముఠా ప్రోగ్రాం మళ్ళీ లేచింది. దానికి తన ఖాళీ విండో తప్ప ఏమీ కనపడలేదు. సరిగ్గా పదకొండుకు సముద్రం అవతల ఎవడో బటన్ నొక్కాడు. అది ఎక్కడా పడలేదు.

ఫ్యాన్ హోరు ఆగలేదు.

హీర్యా పెడల్ తొక్కాడు. మళ్ళీ తొక్కాడు. ఆ రోజంతా ఎవరూ చూడనప్పుడు తొక్కుతూనే ఉన్నాడు.

నాలుగు రోజులకు కాగితం వచ్చింది: పనికి అనర్హుడు. కింద సంతకం చేసిన ఆఫీసరు ఆ పగలు గని లోపలే ఉన్నాడు; తన ప్రాణం నిలిపింది హీర్యా అని అతనికి ఎవరూ చెప్పలేదు.

జనగామలో ప్రణయ్ రిపోర్ట్ ఫారం నింపుతున్నాడు. "సచ్చినోళ్ళు: శత్రువులు ఒకరు, దీప. మనోళ్ళు ఒకరు, సాకేత్. ఇంకా ఏమన్న నష్టం ఉందా అక్కా?"

"హీర్యా అని రాయి సార్."

"సచ్చిండా?"

"లేదు. బతికే ఉన్నడు. పని తీసేసిండ్లు."

ప్రణయ్ ఫారం అటూ ఇటూ తిప్పి చూసి పెన్ను మూత పెట్టాడు.

"దానికి ఈ ఫారంల గడి లేదు."